చార్జింగ్ అక్కర్లేని సైకిల్ లైటు: హైదరాబాద్ చీకటికి ఏది పనికొస్తుంది?

నవంబరు నెలాఖరులో హైదరాబాద్‌లో సాయంత్రం 5:40కే పొద్దు గూకుతుంది. జనవరి మధ్యలో 6:50 దగ్గర పడితే గానీ తెల్లవారదు. పేపర్లు వేసేవాళ్లు, పాల ప్యాకెట్లు పంచేవాళ్లు, నైట్ డ్యూటీకి వెళ్లే సెక్యూరిటీ గార్డులు, ట్యూషన్ వదిలాక ఇంటిదారి పట్టే పిల్లలు, తెల్లవారుజామునే గచ్చిబౌలి వైపు బయల్దేరే సైకిలిస్టులు, అందరూ చలికాలంలో ఏదో ఒక పూట చీకట్లోనే తొక్కుతారు. వీళ్లలో లైటు కొన్నవాళ్లు చాలామందే ఉంటారు. సమయానికి అది వెలగడమే కష్టం.

యూఎస్‌బీ లైటును రాత్రి చార్జింగ్‌లో పెట్టడం మర్చిపోతారు. మెట్రో స్టేషన్ కింద సైకిల్ నిలిపితే లైటును ఊడదీసి జేబులో వేసుకోవాలి, లేకపోతే తిరిగొచ్చేసరికి ఉండదు. చవక లైట్లలోని చిన్న లిథియం సెల్ మే నెల ఎండకు త్వరగా నీరసపడుతుంది. సోలార్ అని అమ్మేవాటి లోపలా ఉన్నది అదే సెల్, పైన ఒక చిన్న పలక అదనం. నీడలో, బేస్‌మెంట్ పార్కింగ్‌లో పగలంతా ఉండే సైకిల్‌కు ఆ పలక చేసే మేలు చాలా తక్కువ. బ్యాటరీ లేని లైటు సైకిల్‌కే బిగించి ఉంటుంది, చక్రం తిరిగితే వెలుగుతుంది. మర్చిపోవడానికి అందులో ఏమీ లేదు.

దీని విలువ ఎంతో కొలిచే ప్రయత్నం డెన్మార్క్‌లో జరిగింది. ఓడెన్స్ నగరంలో 2004–05లో 3,845 మంది సైకిలిస్టులను తీసుకుని, వాళ్లలో 1,845 మందికి చక్రంలోని అయస్కాంతాలతో ఎప్పుడూ వెలిగే లైట్లు బిగించారు. ఏడాది తర్వాత చూస్తే లైట్లున్నవాళ్లకు మిగతావాళ్లకన్నా ప్రమాదాలు 19 శాతం తక్కువ. ప్రమాదాల లెక్క సైకిలిస్టులే చెప్పుకున్నది కాబట్టి ఆ అంకెను పట్టుకుని మరీ వేలాడనక్కర్లేదు. పైగా ఓడెన్స్ రోడ్లు వేరు, మన రోడ్లు వేరు. అయినా గమనించాల్సింది ఒకటుంది: ఆ లైట్లు దారి చూపించేంత పెద్దవేమీ కావు. కేవలం ఆగకుండా వెలిగాయి.

లైటు కొనేముందు తేల్చుకోవాల్సిందీ ఇదే. ఎదుటివాళ్లకు మనం కనబడటానికా, మనకు దారి కనబడటానికా? రెండిటికీ కావలసిన వెలుగులో పదింతల తేడా ఉంటుంది, ధరలోనూ దాదాపు అంతే. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల రోడ్డు మీద వెలుగుకు కొదవ లేదు, అక్కడ సమస్య కనబడటమే. 2017 ఏప్రిల్ నుంచి దేశంలో కొత్తగా తయారైన ప్రతి మోటారు ద్విచక్రవాహనానికీ ఇంజిన్ స్టార్టవగానే హెడ్‌లైటు దానంతటదే వెలుగుతుంది. అన్ని దీపాల మధ్య దీపం లేని సైకిల్ మరింత మరుగున పడిపోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్లు, కొత్త లేఅవుట్ల చివర్లు, శివారు కాలనీల మలుపులు అయితే కథ వేరు. అక్కడ గుంత, ఇసుక, రంగు వేయని స్పీడ్‌బ్రేకర్, రాంగ్ రూట్లో లైటు లేకుండా వచ్చే ఇంకో బండి, అన్నీ మనకే కనబడాలి. ఔటర్ పక్కన సోలార్ పైకప్పుతో 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ బాగానే ఉంది గానీ, దాని దాకా చేరే దారి మాత్రం మామూలు ట్రాఫిక్‌దే.

దారి చూడటానికి ఎంత దూరం వెలుగు కావాలో లెక్క కట్టవచ్చు. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 5.6 మీటర్లు. గుంతను చూసి బ్రేకు నొక్కేదాకా ఒకటిన్నర సెకను వేసుకుంటే 8 మీటర్లు గడిచిపోతాయి. మంచి రబ్బరు, అల్యూమినియం రిమ్ ఉంటే ఆగడానికి ఇంకో 5 మీటర్లు పడుతుంది. కడ్డీ బ్రేకుల పాత సైకిల్ తడిసిన స్టీల్ రిమ్ మీద బ్రేకు అందులో సగం పట్టు కూడా ఇవ్వదు, ఆగడానికి 10 మీటర్లకు పైనే తీసుకుంటుంది. అంటే ఎలా చూసినా 15 నుంచి 20 మీటర్ల దాకా రోడ్డు కనబడాలి. అయిదు మీటర్ల ముందు గుండ్రటి మచ్చలా పడే లైటుతో 20 వేగంలో వెళ్లడమంటే కళ్లు మూసుకుని వెళ్లడంతో సమానం.

రేడియం సంగతి ముందు

విద్యుత్తే అక్కర్లేని రక్షణ రిఫ్లెక్టర్లు. సైకిల్ రిఫ్లెక్టర్ల నాణ్యత మీద కేంద్రం 2020లో ఉత్తర్వు తెచ్చింది కాబట్టి కొత్త సైకిళ్లకు అవి కంపెనీ నుంచే వస్తాయి: ముందు తెలుపు, వెనక ఎరుపు, పెడళ్లకూ చక్రాలకూ పసుపో తెలుపో. పెడల్ రిఫ్లెక్టర్లను చాలామంది పట్టించుకోరు. పైకీ కిందికీ ఆడే రెండు పసుపు చుక్కలు కనబడగానే అది సైకిలని వెనక వచ్చే డ్రైవర్‌కు వెంటనే అర్థమవుతుంది. కదలని ఎర్రచుక్క అలా చెప్పలేదు.

పాత సైకిళ్లకు రేడియం స్టిక్కర్ల షాపులో పని అయిపోతుంది, అయితే అక్కడ మోసపోయే అవకాశం ఉంది. పగలు మెరిసిపోయే ఫ్లోరోసెంట్ స్టిక్కరుకూ, హెడ్‌లైటు వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపే స్టిక్కరుకూ సంబంధం లేదు. పరీక్ష తేలిక: స్టిక్కరు ముక్కను పది అడుగుల దూరంలో పెట్టి, ఫోన్ ఫ్లాష్‌లైటును కంటి పక్కనే పట్టుకుని చూడాలి. అసలుదైతే భగ్గుమన్నట్టు మెరుస్తుంది, కాకపోతే మామూలు కాగితంలా ఉంటుంది. లారీల వెనక అంటించే తేనెపట్టు గళ్ల టేపు అన్నిటికన్నా మేలు, దాని మీద ఏఐఎస్-090 అన్న గుర్తు ఉంటుంది. వనస్థలిపురం ఆటోనగర్ లాంటి చోట లారీ సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. వెనక మడ్‌గార్డు మీద అరచేయంత ఎరుపు, రెండు క్రాంకుల మీద వేలెడంత పసుపు, ముందు ఫోర్కుకు తెలుపు సరిపోతాయి. అంటించేముందు పెట్రోలు గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి, లేదంటే మొదటి వానకే అంచులు లేస్తాయి.

రిఫ్లెక్టర్‌కు పెద్ద పరిమితి ఒకటుంది. చూసేవాడి హెడ్‌లైటు దాని మీద పడాలి. పక్కసందులోంచి వచ్చే బైకు లైటు మలుపు తిరిగేదాకా సైకిల్ వైపు చూడదు, అప్పటికి ఆలస్యమైపోతుంది. నడిచేవాళ్లకూ, లైటు లేని ఆటోకూ అసలే కనబడదు. దుమ్ము పట్టిందంటే మెరుపు సగానికి పడిపోతుంది, మన ఊళ్లో దుమ్ముకు కరువా! అందుకే రేడియం ఉంటే చాలనుకోవడం తప్పు, లైటుంది కదా అని రేడియం మానేయడమూ తప్పే.

సీసా డైనమో ఇంకా చచ్చిపోలేదు

టైరుకు ఆనించి తిరిగే సీసా ఆకారపు డైనమోను పాతతరం వాళ్లు ఎవరూ మర్చిపోరు. గుర్రుమనే చప్పుడు, తొక్కడం బరువెక్కడం, వేగం తగ్గగానే మినుకుమనే బల్బు. ఆ చెడ్డపేరులో సగం డైనమోది కాదు, బల్బుది. ఫిలమెంటు బల్బు వాట్‌కు 10 ల్యూమెన్ల (వెలుగు కొలత) చొప్పున ఇస్తే ఎల్‌ఈడీ 100 దాటి ఇస్తుంది. అదే డైనమోకు ఎల్‌ఈడీ తగిలిస్తే నడకవేగం కన్నా కాస్త ఎక్కువలోనే పనికొచ్చే వెలుగు వస్తుంది.

పాత సెట్‌లో ఇంకో జబ్బు ఉండేది. 6 వోల్టుల 3 వాట్ల డైనమోకు ముందు 2.4 వాట్ల బల్బు, వెనక 0.6 వాట్ల బల్బు ఉండేవి. ముందుది మాడిపోయిన క్షణంలో కరెంటంతా వెనక చిన్నబల్బు మీద పడి అదీ మాడిపోయేది. డైనమో దాదాపు స్థిరమైన కరెంటు ఇచ్చే యంత్రం కావడమే దీనికి కారణం. వేగం పెరిగేకొద్దీ వోల్టేజీ పెరుగుతుంది, దాంతోపాటు తీగచుట్ట లోపలి ప్రతిఘటన కూడా పెరుగుతుంది, కరెంటు అర ఆంపియర్ దగ్గర నిలిచిపోతుంది. ఎల్‌ఈడీకి కావలసింది స్థిరమైన కరెంటే కాబట్టి ఈ జోడీ బాగా కుదురుతుంది.

బిగించడంలోనే అంతా ఉంది. డైనమో ఇరుసు గీతను పొడిగిస్తే అది చక్రం నడిమధ్య, అంటే యాక్సిల్ మధ్య గుండా పోవాలి. పక్క నుంచి చూసి, ఒక దారం లాగి సరిచూసుకోవచ్చు. ఆ గీత తప్పితే రోలర్ టైరు మీద దొర్లే బదులు రాసుకుంటుంది: చప్పుడు పెరుగుతుంది, టైరు పక్కగోడ అరిగిపోయి దారాలు బయటపడతాయి. స్ప్రింగు ఒత్తిడి ఎక్కువైతే తొక్కడం భారం, తక్కువైతే వానలో జారి లైటు ఆరిపోతుంది. రోలర్‌కు రబ్బరు టోపీ తొడిగితే జారడం తగ్గుతుంది. చక్రం వంకర పోయి ఉంటే మాత్రం ఏం చేసినా ప్రతి చుట్టులో ఒకసారి వెలుగు ఊగుతుంది, ముందుగా రిమ్ వంకర తీయించాలి.

వెనక చక్రానికి బిగించడమే క్షేమం. క్లాంపు వదులై డైనమో స్పోకుల్లోకి జారితే వెనక చక్రం ఆగి సైకిల్ ఈడ్చుకుంటుంది, ముందు చక్రం ఆగితే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతాడు. ముందే పెట్టక తప్పకపోతే చక్రం తిరిగే వేగం డైనమోను స్పోకులకు దూరంగా తోసేలా చూసుకోవాలి, నెలకోసారి బోల్టు బిగించాలి.

మన మార్కెట్లో 12 వోల్టులు 6 వాట్లు అని రాసి ఉన్న డైనమోలు ఎక్కువగా దొరుకుతాయి. లెక్క వేస్తే వాటిదీ అర ఆంపియరే. ఒక ఎల్‌ఈడీ బదులు రెండు మూడు ఎల్‌ఈడీలను వరసగా కలపవచ్చు. ఒక్కటే పెట్టినా నష్టం లేదు, అవసరమైన వాట్లు తగ్గి తొక్కడం కాస్త తేలికవుతుంది.

కోఠి గుజరాతీ గల్లీలో దొరికే సామానుతో పాత డైనమోకు ఎల్‌ఈడీ మార్పు చేసుకోవచ్చు. కావలసినవి: 1ఎన్5819 షాట్కీ డయోడ్లు నాలుగు, 35 వోల్టుల 1000 మైక్రోఫారాడ్ కెపాసిటర్ ఒకటి, 3 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ఒకటి, దాని ముందు పెట్టే లెన్స్, అగ్గిపెట్టెంత అల్యూమినియం పలక, 15 వోల్టుల 5 వాట్ల జీనర్ డయోడ్. నాలుగు డయోడ్లతో బ్రిడ్జి (డైనమో ఇచ్చే ఏసీని డీసీగా మార్చే జోడింపు) కట్టి, డైనమో నుంచి వచ్చే రెండు తీగలను దానికివ్వాలి. బ్రిడ్జి ప్లస్, మైనస్‌ల మధ్య కెపాసిటర్, ఎల్‌ఈడీ, జీనర్ మూడూ పక్కపక్కన వస్తాయి, జీనర్ గీత ఉన్న కొస ప్లస్ వైపు. సాదా డయోడ్లు వాడితే రెండింటి మీద కలిపి 1.4 వోల్టులు పోతాయి, షాట్కీలో 0.8 లోపే. చిన్న తేడాలా కనబడుతుంది గానీ మెల్లగా వెళ్లేటప్పుడు డైనమో ఇచ్చేదే నాలుగైదు వోల్టులు.

జీనర్ ఎందుకంటే, ఎప్పుడైనా ఎల్‌ఈడీ తీగ తెగిందనుకోండి, కరెంటుకు దారి లేక వోల్టేజీ చకచకా ఎక్కుతుంది. 1ఎన్5819 ఓర్చుకునేది 40 వోల్టులే, కెపాసిటర్ 35. దిగుడులో ఒక్కసారి అలా జరిగితే కెపాసిటర్ ఉబ్బి, డయోడ్లు పోయి, మర్నాడు ఎల్‌ఈడీ తీగ అతికించినా లైటు రాదు. అయిదు పది రూపాయల జీనర్ వీటన్నిటికీ అడ్డు. ఎల్‌ఈడీని అల్యూమినియం పలకకు ఆనించకపోతే వేడికి వెలుగు తగ్గి, కొన్నాళ్లకు నీలం తిరుగుతుంది.

ఇంకో చిక్కు భూమి తీగది, మెకానిక్కులు ఎర్తు అంటారు. పాత పద్ధతిలో డైనమో నుంచి ఒక్క తీగే వస్తుంది, రెండో దారి సైకిల్ ఫ్రేమే. క్లాంపులోని మొనదేలిన స్క్రూ పెయింటును చీల్చుకుని ఇనుముకు తగలాలి. రెండు వానాకాలాల తర్వాత అక్కడ తుప్పు పట్టి లైటు వచ్చీరానట్టుంటుంది, డైనమో పోయిందని కొత్తది కొంటారు. కొనేముందు ఆ స్క్రూను తీసి, ఇసుక కాగితంతో రుద్ది బిగిస్తే చాలాసార్లు పాతదే వెలుగుతుంది. బ్రిడ్జి పెట్టిన సెట్‌లో అయితే ఫ్రేమును రెండో తీగగా వాడుకోవడం డైనమోకూ బ్రిడ్జికీ మధ్య మాత్రమే. బ్రిడ్జి దాటాక వచ్చే మైనస్‌ను ఫ్రేముకు తాకించకూడదు. తాకితే ఒక డయోడు షార్టయి ప్రతి చుట్టులో సగం కరెంటు అక్కడే తిరిగిపోతుంది, వెలుగు సగమై మినుకు పెరుగుతుంది. అన్నిటికీ రెండేసి తీగలు లాగడమే తలనొప్పి లేని పద్ధతి.

హబ్ డైనమో: ఖరీదుకు తగ్గదే

ముందు చక్రం హబ్‌లోనే జనరేటర్ ఇమిడి ఉండేది హబ్ డైనమో. ఇంగ్లండ్‌లో స్టర్మీ-ఆర్చర్ కంపెనీ 1930లలోనే వీటిని అమ్మింది. ఇప్పుడు షిమానో, జర్మనీవారి సాన్, తైవాన్‌వారి షటర్ ప్రెసిషన్ పేర్లు ఎక్కువగా వినబడతాయి. టైరు మీద రాపిడి లేదు, చప్పుడు లేదు, వానకు జారే ప్రసక్తి లేదు. 15 కిలోమీటర్ల వేగంలో 6 వోల్టులు 3 వాట్లు ఇవ్వడం వీటి ప్రమాణం.

తొక్కడం ఎంత బరువవుతుందన్నది అందరూ అడిగే ప్రశ్న. మంచి హబ్ 3 వాట్లు ఇవ్వడానికి కాళ్ల నుంచి 5, 6 వాట్లు తీసుకుంటుంది. చదునైన రోడ్డు మీద 18, 20 వేగంలో వెళ్లే మనిషి పెట్టే శక్తి 60 నుంచి 100 వాట్లు. టైర్లలో గాలి తగ్గితే పోయేది ఇంతకన్నా ఎక్కువే. సీసా డైనమో దీనికి రెట్టింపు పైన లాగుతుంది, సరిగా బిగించకపోతే ఇంకా ఎక్కువ. హబ్ తీసుకునేది ఇంత తక్కువ కాబట్టి లైటును పగలు కూడా వేసే ఉంచుకోవచ్చు, ఆర్పేస్తే తీసుకునేది లెక్కలోకే రాదు.

కొనేటప్పుడు చూడాల్సినవి వెలుగు సంగతులు కావు, కొలతలు. స్పోకు రంధ్రాలు 32 లేదా 36 ఉంటాయి, ఉన్న రిమ్‌కు సరిపోవాలి. పాత నల్ల రోడ్‌స్టర్ సైకిళ్లకు ముందు 32, వెనక 40 స్పోకులు కనుక ముందుదానికి 32 హబ్ కుదురుతుంది. కానీ వాటి ఫోర్కు కొసల మధ్య వెడల్పు హబ్ డైనమోకు కావలసిన 100 మిల్లీమీటర్ల కన్నా తక్కువ, యాక్సిల్ కూడా సన్నం. స్టీల్ ఫోర్కును జాగ్రత్తగా వెడల్పు చేసి గాడిని ఆకురాయితో తీర్చగల పాత మెకానిక్ దొరికితేనే ఆ పని పెట్టుకోవాలి. అలాంటి చోట సీసా డైనమోనే మర్యాద. డిస్కు బ్రేకు సైకిల్ అయితే రోటర్ ఆరు బోల్టులదా, సెంటర్‌లాకా అన్నది, త్రూ యాక్సిల్ ఉంటే దాని మందం, వెడల్పు ముందే రాసుకోవాలి. హైదరాబాద్ దుకాణాల్లో ఇవి నిలువ ఉండటం తక్కువ, ఆర్డర్ మీద తెప్పించి చక్రం కట్టించుకోవాలి. స్పోకుల పొడవు మారుతుంది, పాతవి పనికిరావు. హబ్ అంచు పెద్దది కావడమే కారణం.

చక్రం బిగించేటప్పుడు కనెక్టర్ ఎటువైపుండాలో హబ్ మీద రాసి ఉంటుంది, షిమానోలో అది కుడివైపు. నట్టు వదులైతే యాక్సిల్ తిరిగి కనెక్టర్ తీగను మెలిపెట్టి తెంపేస్తుంది. అంతకన్నా ఎక్కువగా తీగలు తెగేది పంక్చర్ షాపులో: కనెక్టర్ లాగకుండానే చక్రం ఊడదీస్తారు. చెప్పి చేయించుకోవాలి, లేదంటే ఆ ప్లగ్ మనమే ముందు తీసి ఇవ్వాలి. వానాకాలంలో మోకాలి లోతు నీళ్లలో సైకిల్ దించితే హబ్ మునిగిపోతుంది. యాక్సిల్ నేల నుంచి 33, 34 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. కప్-కోన్ బేరింగులున్న హబ్‌లోకి బురదనీరు చేరితే గ్రీజు మార్పించాలి. లోపలి తీగచుట్టను మాత్రం మామూలు మెకానిక్‌తో విప్పించకూడదు.

హెడ్‌లైటులో వాట్లు, ల్యూమెన్లు చూసి మురిసిపోవడం కన్నా వెలుగు ఆకారం చూడాలి. జర్మనీ నిబంధనల ప్రకారం తయారైన డైనమో లైట్లకు పైభాగం కోసినట్టు ఉంటుంది, బైకు డిమ్ లైటులాగా. వెలుగంతా రోడ్డు మీద పరుచుకుంటుంది, ఎదుటివాళ్ల కళ్లలో పడదు. బుష్ అండ్ ముల్లర్ వంటి కంపెనీలు పెట్టె మీద లక్స్ (రోడ్డు మీద పడే వెలుగు కొలత) రాస్తాయి, 40 నుంచి 60 లక్స్ ఉంటే శివారు రోడ్లకు చాలు. దిశ సరిచేయడానికి సైకిల్‌ను గోడకు 5 మీటర్ల దూరంలో నిలబెట్టాలి. లైటు ఎత్తు 80 సెంటీమీటర్లయితే కోత గీత గోడ మీద 70 దగ్గర పడాలి, అప్పుడు వెలుగు 40 మీటర్ల దాకా వెళుతుంది. కోత లేని గుండ్రటి కిరణమైతే దాని నడిమచ్చను 40 సెంటీమీటర్ల దగ్గర పెట్టాలి, అది పది మీటర్ల ముందు నేలను తాకుతుంది. పైకెత్తితే దూరం కనబడుతుందన్న ఆశతో ఎదుటివాడిని గుడ్డివాణ్ని చేస్తే వాడు వచ్చేది మన మీదికే.

బాగా మెల్లగా వెళ్లేటప్పుడు హబ్ డైనమో లైటు వణుకుతుంది. 28 ధ్రువాల హబ్ ఒక చుట్టుకు 14 తరంగాలిస్తుంది. 15 వేగంలో సెకనుకు 28, కంటికి దాదాపు తెలియదు. 5 వేగంలో అది తొమ్మిదికి పడిపోయి మినుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇది మామూలే, చెడిపోయిందని కంగారుపడక్కర్లేదు. హబ్ నుంచి ఫోన్ చార్జ్ చేసే అడాప్టర్లున్నాయి గానీ లైటూ ఫోనూ ఒకేసారి తృప్తిగా నడవవు. సైకిల్ మీద డెలివరీ చేసేవాళ్లు పగలు ఫోన్‌కు, రాత్రి లైటుకు అని పెట్టుకోవాలి.

అయస్కాంతపు లైట్లు

ఓడెన్స్‌లో వాడిన రకం ఇదే, డెన్మార్క్‌లోని రీలైట్ కంపెనీది. స్పోకులకు రెండు అయస్కాంతాలు, యాక్సిల్ దగ్గర చిన్న లైటు. అయస్కాంతం లైటు ముందు నుంచి పోయినప్పుడల్లా లోపలి తీగచుట్టలో కరెంటు పుట్టి ఎల్‌ఈడీ మెరుస్తుంది. ఏదీ ఏదాన్నీ తాకదు కాబట్టి రాపిడి లేదు, చక్రం వంకరగా ఉన్నా ఫర్వాలేదు. 15 వేగంలో చక్రం సెకనుకు రెండు చుట్లు తిరుగుతుంది, రెండు అయస్కాంతాలకు నాలుగు మెరుపులు. దారి చూపించదు, కనబడటానికి మాత్రం బాగుంటుంది. అయస్కాంతానికీ లైటుకూ మధ్య ఖాళీ కొద్ది మిల్లీమీటర్లు మించితే వెలుగు పడిపోతుంది. మన రోడ్ల కుదుపులకు అయస్కాంతాలు స్పోకు వెంట జారుతుంటాయి, అదే దీనికున్న జబ్బు. కింద యాక్సిల్ దగ్గరుండటంతో బురద పడుతుంది, సామాను సంచీ వేలాడితే మరుగున పడుతుంది.

రిమ్ పక్కన ఉండి, తాకకుండానే కరెంటు పుట్టించే మ్యాగ్నిక్ వంటివి వేరే రకం. వాటి లోపలి అయస్కాంతాలు అల్యూమినియం రిమ్‌లో పుట్టే సుడి ప్రవాహాలతో తిరుగుతాయి. స్టీల్ రిమ్ ఆ అయస్కాంతాలను తనవైపు లాక్కుంటుంది, కార్బన్ రిమ్‌లో తగినంత ప్రవాహం పుట్టదు. మన ఊళ్లో తిరిగే మామూలు సైకిళ్లకు ఇది సరైన ఎంపిక కాదు.

సిగ్నల్ దగ్గర ఆగితే?

డైనమో మీద ఎప్పుడూ ఉండే ఫిర్యాదు ఇది, న్యాయమైనదే. చక్రం ఆగితే లైటు ఆరుతుంది. ఎర్రలైటు దగ్గరో, టైరు పంక్చరై ఎడమపక్క ఆగినప్పుడో, కుడివైపు తిరగడానికి రోడ్డు మధ్యలో నిలబడినప్పుడో వెనక దీపం లేకపోతే ఎలా? దీనికి జవాబు కరెంటును కాసేపు దాచిపెట్టే సూపర్ కెపాసిటర్. బ్యాటరీ కాదు, రసాయనం అరిగిపోయేది కాదు, నిమిషం రెండు నిమిషాలు తొక్కితే నిండిపోతుంది. 1 ఫారాడ్ కెపాసిటర్‌ను 5 వోల్టుల దాకా నింపి, ఎర్ర ఎల్‌ఈడీ ఆరిపోయే 2 వోల్టుల దాకా వాడుకుంటే చేతికొచ్చేది 3 కూలుంబులు. 10 మిల్లీ ఆంపియర్లు తాగే లైటుకు అది 5 నిమిషాలు, 5 మిల్లీ ఆంపియర్లకు 10 నిమిషాలు. హైదరాబాద్‌లో ఎంత పెద్ద సిగ్నలైనా అంతసేపు ఉండదు. వేడి మాత్రం వీటికి పడదు, చాలావాటి హద్దు 70 డిగ్రీలు. నల్లపెట్టెలో మే నెల మిట్టమధ్యాహ్నం నిలబెట్టిన సైకిల్ మీద ఆయుష్షు తగ్గుతుంది. ఏళ్లు గడిచాక నిలుపుకునే సమయం రెండు నిమిషాలకు పడితే మార్చుకోవాలి.

అందుకే వెనక లైటు కొనేటప్పుడు ఆగినా వెలిగే ఏర్పాటు ఉందా అన్నదే మొదటి ప్రశ్న. దుకాణంలోనే చక్రం తిప్పించి, ఆపి, గడియారం చూసుకోవాలి. నాలుగు నిమిషాలు నిలిస్తే పనికొస్తుంది. ముందు లైటు ఆగినప్పుడు ఆరిపోయినా వీధిదీపాలు, ఎదుటి బండ్ల వెలుగు కాపాడతాయి, వెనక నుంచి వచ్చేవాడికి ఆ వెసులుబాటు లేదు.

డబ్బు కొద్దిగా ఉంటే ఖర్చుపెట్టే వరస కూడా ఇలాగే ఉండాలి. రోజూ దీపాలున్న రోడ్లమీదే తిరిగేవాళ్లకు లారీ టేపు, వెనక చక్రానికి కెపాసిటర్ ఉన్న అయస్కాంత లైటు, ముందొకటి, అంతే. పాత రోడ్‌స్టర్ మీద తెల్లవారుజామున పేపర్లు, పాలు వేసేవాళ్లకు సీసా డైనమో, ఎల్‌ఈడీ మార్పు. వందల్లో పనైపోతుంది, చెడితే వీధి చివరి మెకానిక్ బాగుచేస్తాడు. శివారు సర్వీసు రోడ్ల మీద వారానికి నాలుగైదు రోజులు చీకట్లో తొక్కేవాళ్లకు వేలల్లో అయినా హబ్ డైనమోనే. అప్పుడు కూడా ఉన్న డబ్బంతా ముందు లైటుకే పోసి, వెనక ఏదో చవకది తగిలించే అలవాటు చాలామందిలో ఉంది, అది తలకిందుల లెక్క.

ఏ రకమైనా పాడయ్యేది ముందుగా తీగ. 0.5 చదరపు మిల్లీమీటర్ల జంట తీగ తీసుకుని, హ్యాండిల్ దగ్గర పూర్తిగా అటూ ఇటూ తిప్పినా లాగనంత వదులు వదిలి, ఫ్రేము వెంట ప్రతి జానెడుకూ ఒక ప్లాస్టిక్ పట్టీ వేయాలి. అతుకుల మీద కుంచించుకునే స్లీవ్ వేడిచేసి తొడగాలి. ఇన్సులేషన్ టేపు హైదరాబాద్ వేసవికి జిగురు కారిపోయి ఊడుతుంది. లైటు రానప్పుడు మొదట తీగలను వేలితో కదిపి చూడాలి, తర్వాత కనెక్టర్, తర్వాత ఎర్తు స్క్రూ. మల్టీమీటరును ఏసీ వోల్టులలో పెట్టి డైనమో కొసలకు ఆనించి చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పితే కొన్ని వోల్టులు చూపించాలి. చూపిస్తే డైనమో బతికే ఉంది, తప్పు లైటు వైపు వెతకాలి.